పొడి ఇసుక మీద తడి మన్ను

నేను కాపరానికి వచ్చిన ఇంట్లో రెండు మగ్గాలుండేవి. రెండూ గుంట మగ్గాలే. నేలలో మొలలోతు గుంట తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడదీసి, అడుగున ఉన్న చెక్కల్ని తొక్కుతూ నేసేవాళ్ళు. ఒక మగ్గం మా మామగారిది, రెండోది మా ఆయనది. అత్తగారూ నేనూ అడ్డంగా నేసే నూలుని రాట్నాల మీద కండెలకి చుట్టి అందించేవాళ్ళం. కంకిపాడుకి అవతల, కాలవ గట్టు దిగగానే మా వీధి. వీధంతా నేతపనివాళ్ళే. యుద్ధం జరుగుతున్న రోజులు కావడంతో నూలు దొరకడం గగనంగా ఉండేది. చేతికొచ్చిన పడుగుని, అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలుని, కంటికి రెప్పలా చూసుకునేవాళ్ళం.

నేను పుట్టింది కొండపల్లి దగ్గర. మాది ఎర్ర గరుసు నేల. ఎంత వాన కురిసినా, వెలిసిన కాసేపటికి వీధిలో నడిస్తే కాళ్ళకి బురద అంటేది కాదు. నీళ్ళు ఎటు పోయాయో తెలిసేది కాదు. ఇక్కడ అలా కాదు. కాలవలకి నీళ్ళు వదిలారంటే చాలు, గట్టుకి కాస్త ఎడంగా ఉన్న మా పాత ఇంట్లో గుంట గోడలు చెమ్మగిల్లడం మొదలుపెట్టేవి. ఊట కనిపించేది కాదు, చుక్క కారేది కాదు. రోజురోజుకీ ఆ నలుపు గోడ మీద బెత్తెడు బెత్తెడు పైకెక్కి వచ్చేది. పడుగుకి బూజు పట్టేది. మామగారి మోకాళ్ళు వాచి, సాయంత్రానికి గుంటలోంచి పైకి రావడానికి మా ఆయన చెయ్యి పట్టుకోవాల్సి వచ్చేది.

మామగారు చదువుకున్న మనిషి కాదు, కానీ దేన్నైనా పట్టి పట్టి చూసే మనిషి. ఒక ఏడు గట్టు మరమ్మతు కోసం కాలవ ఒడ్డున ఇసుక ఒక కుప్ప, మట్టి ఒక కుప్ప పక్కపక్కనే పోశారు. రెండు కుప్పల అడుగులూ నీళ్ళలో ఉన్నాయి. ఆయన పది రోజులపాటు పొద్దున్నే వెళ్ళి వాటిని చూసి వచ్చారు. పదకొండో రోజు అన్నం దగ్గర కూర్చుని మాకు చెప్పారు.

"ఇసుక కుప్పకి జానెడు పైన తడి లేదు. మట్టి కుప్ప నడుం దాకా తడిసింది. రెండింటికీ నీళ్ళు అవే. ఎందుకో తెలుసునా? మెత్తటి మన్నులో సందులు సన్నవి. దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు నీళ్ళు ఎక్కిపోతాయి. ముతక ఇసుకలో సందులు పెద్దవి. నీళ్ళకి పట్టు దొరకదు."

ఆ మాట మీదే కొత్త ఇల్లు కట్టారు. బెజవాడ నుంచి కృష్ణ ఇసుక బళ్ళ మీద తెప్పించారు. జల్లెడ పట్టి, సన్నదంతా తీసేసి, ముతకది మాత్రం స్థలమంతా రెండు జానల మందాన పరిపించారు. దాని మీద కాలవలోంచి తీసిన మెత్తటి ఒండ్రు మట్టి నడుమెత్తున పోసి దిమ్మిస చేయించారు. ఆ మెరక మీద మట్టి గోడలు, పైన తాటాకు కప్పు. వెలుతురు కోసం గుంటలు రెండూ దక్షిణపు గోడ వారనే, కిటికీల కింద తవ్వారు. గుంట అడుగు సరిగ్గా ఇసుక మీదకి వచ్చింది. అడుగున చెయ్యి పెట్టి తిప్పితే పొడి ఇసుక గలగలలాడేది.

ఆ ఏడు కాలవలకి నీళ్ళు వచ్చాయి. వీధిలో అందరి గుంటలూ చెమ్మెక్కాయి. మాది మాత్రం ఎక్కలేదు. మామగారు చూడ్డానికి వచ్చినవాళ్ళకి గుంటలోంచి గుప్పెడు ఇసుక తీసి, వేళ్ళ సందుల్లోంచి జారవిడిచి చూపించేవారు. తర్వాతి ఎండాకాలం లోపల మా వీధిలో మరో నాలుగిళ్ళవాళ్ళు అలాగే ఇసుక పరిచి మెరక వేసుకున్నారు. ఆయన దగ్గరుండి జల్లెడ పట్టించారు. నేను కాపరానికి వచ్చాక ఆయన అంత సంతోషంగా ఉండడం అప్పుడే చూశాను.

పక్కింటివాళ్ళు బావి తవ్వించుకోవడానికి ఒక పెద్దాయన్ని పిలిపించారు. బావులు తవ్వడం ఆయన పని. గన్నవరంలో విమానాల మైదానానికి నేల చదును చేసే పనికి వెళ్ళి, అప్పుడే తిరిగి వచ్చాడు. మామగారు ఆయన్నీ పిలిచి గుంట చూపించారు. ఆయన లోపలికి దిగి, గోడ నుంచి చిటికెడు మన్ను తీసి బొటనవేలితో నలిపాడు. అడుగు నుంచి ఇసుక తీసి నలిపాడు. తర్వాత తలెత్తి కప్పు వైపు చూశాడు.

"పైనుంచి పడ్డ నీళ్ళు ఎటు పోతాయండి?" అన్నాడు.

"ఇసుకలోకి దిగిపోతాయి. ఇసుకని మించి నీళ్ళు తాగేది ఏముందయ్యా?" అన్నారు మామగారు.

"తాగదండి. పైన మెత్తటి మన్నుంటే ఇసుక తాగదు. ఆ మన్ను తనకొచ్చిన నీళ్ళు తనే పట్టుకుని కూర్చుంటుంది. మెడదాకా నిండితే గాని కిందకి చుక్క వదలదు. వదిలిన రోజు ఒక్కసారే వదులుతుందండి."

మామగారు నవ్వారు. "కింద నుంచి ఎక్కనివ్వనిది పైనుంచి దిగనివ్వదంటావా?"

"అదేనండి నేననేది." ఆయన గుంటలోంచి పైకి వచ్చి చేతులు దులుపుకున్నాడు. "మా తమ్ముడు ఇసుక పొడిగా ఉందని నమ్మి బావిలోకి దిగాడండి. పైన మన్ను బరువెక్కి ఉంది. చెమ్మే కదా అనుకున్నాం. ఊట లేదు, కారడం లేదు. మధ్యాహ్నం అన్నం తినడానికి నేను పైకి వచ్చాను. వాడు రాలేదు."

అత్తగారు మజ్జిగ ఇస్తే తాగి వెళ్ళిపోయాడు. మామగారు ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం ఆ బావుల పెద్దాయన తమ్ముడు, ఈయన తినడానికి పైకి వచ్చిన ఆ అన్నం, కొన్నాళ్ళపాటు కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ చూడకుండా పెరట్లో కూర్చున్నాను. అంచు పగిలిన లాంతరు గ్లాసు ఒకటి ఉంటే దాని కింది మూతికి గుడ్డ కట్టాను. గుంట అడుగు నుంచి తెచ్చిన ఇసుక సగం పోసి, దాని మీద ఒండ్రు మట్టి పోసి వేలితో అదిమాను. గరిటెతో కొద్దికొద్దిగా నీళ్ళు పోశాను. తడి, మట్టిని నల్లబరుస్తూ కిందకి దిగింది. ఇసుక దగ్గరికి వచ్చి ఆగిపోయింది. గీత గీసినట్టు పైన నలుపు, కింద తెలుపు. నేను మా ఊరి గరుసు నేలని తలుచుకుంటూ, ఇప్పుడు దిగుతుంది, ఇప్పుడు దిగుతుంది అని చూస్తున్నాను. దిగలేదు. లోపలికి వెళ్ళి నాలుగు కండెలు చుట్టి వచ్చాను. అప్పటికీ అలాగే ఉంది. మళ్ళీ పోశాను. మట్టి పైన నిగనిగలాడింది. ఇంకొక్క గరిటె పోసేసరికి, గీత మీద ఒకచోట వేరు దిగినట్టు సన్నటి నల్లటి చార ఇసుకలోకి దిగింది. చూస్తూ ఉండగానే అది అడుగుదాకా పోయింది. గుడ్డలోంచి నీళ్ళు నా ఒళ్ళో పడ్డాయి. పైన మట్టి జావలా కుంగింది.

మా ఆయనకి చూపించాను. మళ్ళీ పోసి మళ్ళీ చూపించాను.

"మావయ్యగారితో చెప్పండి," అన్నాను.

"ఏమని చెప్పను? ఇల్లంతా ఆ ఇసుక మీదే కట్టాడు. వీధిలో నలుగురి చేతా కట్టించాడు. నాన్న మొహాన ఆ మాట నేననలేనే," అన్నారు.

నేనూ అనలేదు. కోడల్ని. వచ్చి మూడేళ్ళు కాలేదు. గ్లాసు కడిగి చూరులో పెట్టాను.

ఆశ్వయుజం చివర ముసురు పట్టింది. పెద్ద గాలి లేదు, ఉరుములు లేవు. పొద్దున లేచేసరికి కురుస్తోంది, దీపాలు పెట్టేవేళకీ అలాగే కురుస్తోంది. దక్షిణపు గోడ అవతల చూరు నీళ్ళు ఒకే వరసన పడుతుండేవి. పడ్డవి పడ్డట్టు మెరకలో ఇంకిపోయేవి. నీళ్ళు నిలవనందుకు అత్తగారు సంతోషపడ్డారు. అవి ఎక్కడికి పోతున్నాయో నాకు తెలుసు. ఎక్కడికీ పోవడం లేదు.

రెండో రోజు మామగారి మగ్గం మీద పడుగు ఎడమవైపు వదులైంది. నేసిన గుడ్డ చుట్టుకునే దోనెని ఆయన బిగించారు. మూడో రోజు పొద్దున మళ్ళీ వదులైంది. "చెమ్మకి నూలు సాగింది," అన్నారు. నూలు సాగితే రెండువైపులా సాగాలి కదా అనుకున్నాను. దోనెని పట్టి ఉంచే గుంజ గోడవైపు ఒక బియ్యపు గింజంత వాలినట్టు అనిపించింది. ఆ సాయంత్రం గోడ మొదట్లోంచి చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరి బయటికి వచ్చాయి. అవి నేల మీద ఉండలేదు. నా రాట్నం కాళ్ళ మీదుగా పైకి ఎక్కాయి.

నాలుగో రోజు కిటికీ రెక్క మూసుకోలేదు. మామగారు భోజనానికి లేచినప్పుడు నేను గుంటలోకి దిగి గోడని బొటనవేలితో నొక్కాను. వేలు గోరుదాకా దిగింది. తీస్తే సొట్ట పడింది గాని చుక్క నీరు రాలేదు. అడుగున ఇసుక మాత్రం తెల్లగా, ఎండాకాలంలో ఉన్నట్టే ఉంది. ఆ పొడి ఇసుకని చూస్తే నాకు భయం వేసింది. వెనక నుంచి అత్తగారు "ఏం చేస్తున్నావే?" అన్నారు. కండె పడిపోయిందని అబద్ధం చెప్పాను.

అయిదో రోజు పొద్దున మామగారు ఎప్పటిలా గుప్పెడు ఇసుక తీసి జారవిడిచారు. "చూశారా? ఇన్ని రోజుల వానకి," అన్నారు. ఆయన మగ్గం మీద ఇంకా అయిదు మూరలు నేయాలి. ఆ పడుగు తప్ప ఇంట్లో వేరే నూలు లేదు. ఆయన గుంటలోకి కాళ్ళు దించబోతుంటే నేను చూరులోంచి లాంతరు గ్లాసు తీసి తెచ్చాను.

"మావయ్యగారూ, ఒక్కసారి ఇది చూడండి," అన్నాను. నేను చేసింది చెప్పాను. గోడ వేలు పెడితే దిగుతోందని చెప్పాను. గుంజ వాలిందని చెప్పాను.

ఆయన గ్లాసు వైపు చూడలేదు. నా వైపు చూశారు. "ఆ బావుల మనిషి చెప్పింది పట్టుకున్నావా? నీ లాంతరు గ్లాసూ నా ఇల్లూ ఒకటేనా, అమ్మాయ్?"

"నాన్నా, పోనీ ఈ ఒక్కరోజు ఆగుదాం," అన్నారు మా ఆయన. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను అనుకోలేదు.

"ఆగితే చెమ్మకి పడుగు కుళ్ళుతుంది. నూలు మళ్ళీ ఎవడిస్తాడు? నీకు భయమైతే నువ్వు కూర్చోకు," అని ఆయన గుంటలో కాళ్ళు పెట్టి నేయడం మొదలుపెట్టారు. మా ఆయన రెండో మగ్గం దగ్గరికి వెళ్ళారు గాని కూర్చోలేదు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళిపోయారు. నేను రాట్నం ముందు కూర్చున్నాను. కండె పెట్టుకున్న నాడె పడుగు మధ్య అటూ ఇటూ కొడుతున్న చప్పుడు, బయట చూరు నీళ్ళ చప్పుడు. నేనున్న చోటు నుంచి గుంట మూల కనిపిస్తోంది. గోడకి ఆనుకున్న ఆ మూల ఇసుక మీద అరచేయంత మేర నలుపు కనిపించింది. మామగారి పాదం నీడ అనుకున్నాను. పాదం కదిలింది, నలుపు కదల్లేదు.

రాట్నం ఆపేశాను.

"కండె!" అన్నారు మామగారు.

నేను ఇవ్వలేదు. చుట్టినవి నాలుగు ఉన్నాయి, ఒళ్ళో పెట్టుకుని వాటి మీద చేతులు వేసుకున్నాను.

"కండె ఇయ్యవే!"

"మీరు పైకి వస్తే ఇస్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ ఇంట్లో ఆయనకి ఎదురు చెప్పినవాళ్ళు అంతవరకు లేరు. వంటింటి గుమ్మంలో అత్తగారు నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

ఆయన మొహం ఎర్రబడింది. నాడె పడేసి, అంచు మీద చేతులు ఆన్చి లేచారు. నన్ను కొట్టడానికే లేచారు అనుకుంటాను. కుడికాలు పైకి పెట్టారు. ఎడమకాలు ఇంకా లోపలే ఉంది. అప్పుడు కూలింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిబట్టల మూట రాయి మీద పడేసినట్టు ఒక్క మెత్తటి శబ్దం. గుంట గోడ గుంటలోకి జారింది. దాని వెనకాలే దక్షిణపు గోడ కిటికీతో సహా కూర్చున్నట్టు కిందకి దిగి లోపలికి ఒరిగింది. ఇంట్లోకి ఒక్కసారిగా వాన వెలుగు వచ్చింది. మామగారు నేల మీద బోర్లా పడి ఉన్నారు. తొడ నుంచి కిందకి ఎడమకాలు లేదు, మట్టి ఉంది. ఆయన అరవలేదు. నేల మీద గోళ్ళతో గీరుతున్నారు.

మా ఆయన ఒక్క దూకున వచ్చి చేతులతో మట్టి లాగడం మొదలుపెట్టారు. ఒక దోసెడు తీస్తే రెండు దోసెళ్ళు జారుతోంది. నేను వానలోకి పరుగెత్తి పక్కింటి పెరట్లో ఉన్న బావుల పెద్దాయన్ని పిలిచాను. ముసురుకి పని ఆగి ఆయన అక్కడి పాకలోనే ఉన్నాడు. వచ్చి చూసి, మా ఆయన్ని భుజం పట్టి వెనక్కి లాగాడు.

"కింద నుంచి తియ్యకండి బాబూ! తీసిన కొద్దీ మీద పడుద్ది. ముందు అవతల బరువు దించాలి. తలుపు ఊడదీసి తెండి!"

తలుపు చెక్కని మామగారి నడుం పక్కన నిలువునా దించి మట్టిని ఆపారు. వీధి అంతా వచ్చింది. గోడ అవతల నుంచి మన్ను తీస్తూ వచ్చారు. నేను మామగారి తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఒకసారి మాత్రం, "పడుగు తెగిందా?" అని అడిగారు. తెగింది. తెగలేదని చెప్పాను.

కాలు బయటికి వచ్చేసరికి పొద్దు వాలింది. మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. కాలవలో పడవ మీద బెజవాడ తీసుకువెళ్ళాం. ఆసుపత్రిలో కట్టు కట్టి, కాలు ఉంచారు గాని అది కురచైంది. పాదం కిందకి అదమడం రాదు. అంటే ఇక ఆయన మగ్గం తొక్కలేరు. డాక్టరు ఆ మాట చెబుతుంటే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నాతో మాట్లాడలేదు. నేను పక్కన కూర్చుని అన్నం కలిపి పెడితే తినేవారు.

రెండు నెలలకి ఇంటికి వచ్చారు. ఈలోగా బావుల పెద్దాయనే మా ఆయనకి సాయం చేసి గోడ లేపించాడు. చూరు ముందుకి దించి, దాని కింద నీళ్ళు వీధిలోకి పోయేలా పెంకుముక్కల కాలువ తీయించాడు. పాత గుంటలు పూడ్చి, గోడలకి దూరంగా ఇంటి నడుమ ఒక్క గుంట తవ్వాడు. మామగారు గుమ్మంలో నిలబడి అవన్నీ చూశారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఆ లాంతరు గ్లాసు ఉందా?"

గోడతోపాటే పగిలిపోయిందని చెప్పాను.

"ఇంకోటి తెప్పించు. ఇసుక, మన్ను నువ్వే పొయ్యి. నాకు చూపించు."

ఆయన ఎదురుగా పెరట్లో కూర్చుని మొదటి నుంచీ చేసి చూపించాను. గీత దగ్గర నీళ్ళు ఆగినప్పుడు ఆయన ముందుకి వంగి చూశారు. నల్లచార దిగినప్పుడు కళ్ళు మూసుకున్నారు. మర్నాడు కర్ర పట్టుకుని, నన్ను గ్లాసుతో వెంట రమ్మని, వీధిలోకి బయలుదేరారు. తను ఇసుక పరిపించిన నాలుగిళ్ళకీ వెళ్ళారు. ప్రతి ఇంట్లోనూ అందరి ముందూ నా చేత చేయించి, "నేను సగమే తెలుసుకుని మీ చేత కట్టించాను. గుంట గోడ వారన ఉంచకండి," అని చెప్పారు.

ఇద్దరు విన్నారు. మూడో ఇంటాయన, "మా చూరు పొడుగండీ, మాకేం కాదు," అన్నాడు. నాలుగో ఇంటాయన మొహం తిప్పుకున్నాడు.

మరుసటి ఏడు ముసురు పట్టినప్పుడు మామగారు రోజూ గొడుగు వేసుకుని మూడో ఇంటి అరుగు మీద వెళ్ళి కూర్చునేవారు. లోపల నాడె చప్పుడు వింటూ ఉండేవారు. ఆ ఇంటాయన గుప్పెడు ఇసుక తెచ్చి నవ్వుతూ చూపించేవాడు. ఈయన చూసి తల ఊపేవారు, లేచేవారు కాదు. ఆ ముసురుకి ఏమీ కూలలేదు. వాన వెలిశాక వీధిలో కొందరు ఈయన్ని చూసి నవ్వారు.

కార్తీకంలో ఒక పొద్దున ఆ మూడో ఇంటామె మా ఇంటికి వచ్చింది. తన భర్త గుంట పూడ్చేస్తున్నాడని, ఇంటి మధ్యకి మారుస్తున్నాడని చెప్పింది. పూడ్చే ముందు గోడ వారన గడ్డపార వేస్తే, చెయ్యి వేయకుండానే దాని బరువుకి అదే సగందాకా దిగిపోయిందట. అడుగున ఇసుక పొడిగానే ఉందట. చెబుతూ చెబుతూ ఆమె నేల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ గుంటలో రోజూ ఆమె కొడుకూ భర్తా వంతులవారీగా కూర్చునేవాళ్ళు.

మామగారు అంతా విన్నారు. అత్తగారు తెచ్చిన మంచినీళ్ళు ఆమెకి ఇప్పించారు. తర్వాత గోడ పట్టుకుని లేచి, మూల ఉన్న కర్ర అందుకున్నారు.

"ఎక్కడికండీ, ఎండలో?" అన్నారు అత్తగారు.

"నాలుగో ఇల్లు ఉంది కదా," అని, నా వైపు తిరిగి, "గ్లాసు తీసుకురా అమ్మాయ్," అన్నారు.